నలభై రెండో రోజు సిగరెట్

మా ఆయన ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు సిగరెట్ మానేసేవాడు. నలభై రెండో రోజు మళ్లీ ముట్టించేవాడు. పదకొండేళ్లు ఇదే వరస. మానేసిన సంగతి వాడకట్టంతా చెప్పుకునేవాడు గానీ ముట్టించిన సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

"నాది అలవాటు గాదే," అనేవాడు. "అలవాటైతే నలభై ఒక్క దినాలు ఎట్ల ఉంటరు? నేను ఎప్పుడంటే అప్పుడు బంద్ జేస్త."

"అయితే ఇయ్యాల బంద్ జెయ్యి."

"ఇయ్యాల ఎందుకు? ఇయ్యాల ఏం పండుగ?"

ఆయన ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. పొద్దున ఎల్బీనగర్‌లో పిల్లల్ని ఎక్కించుకుని ఊరవతలి కాలేజీకి, సాయంత్రం తిరిగి ఎల్బీనగర్‌కి. అందుకని దేవుడైనా దేహమైనా ఆయనకి బండి లెక్కే. "ఏడాదికొకపారి ఇంజన్ ఆయిల్ మారిస్తే బండి మళ్ల కొత్తదైతది. ఊపిరితిత్తులు గూడ గంతే. మాలేసుకున్నప్పుడు నాయి సర్వీసింగ్ అయితయి."

"ఆయిల్ మార్చిన తెల్లారే ట్యాంకుల ఇసుక పోస్తవా?" అని అడిగాను ఒకసారి. సమాధానం లేనప్పుడు ఆయన బయటికెళ్లి సిగరెట్ ముట్టించేవాడు.

నేను చదివింది పదో తరగతే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. చీర చూసి దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ తీయడం నా పని. దుకాణం పదిన్నరకి తెరుస్తారు. నేను మీర్‌పేట్‌లో ఎనిమిదింటికే బస్సెక్కి, ఆ మధ్య గంటన్నర గ్రంథాలయంలో కూర్చుంటాను. అక్కడ సెలవుండే శుక్రవారం తప్ప పద్నాలుగేళ్లుగా ఇది తప్పలేదు. అక్కడ కుర్చీలన్నీ సర్కారు నౌకరీ పరీక్షలకి చదివే పిల్లలవే. వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు, బీరువాల వైపు చూడరు. బీరువా తాళం నా ఒక్కదాని కోసమే తీస్తారు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. నాకున్న డిగ్రీ అదే.

ఆ పిల్లలు గంటకోసారి లేచి బయట చాయ్ బండి దగ్గరికి వెళ్తారు. సిగరెట్ తాగితే ఏకాగ్రత కుదురుతుందట. అంతకుముందు తాగినదాని మత్తు దిగి మనసు పీకుతుంటే, ఇంకోటి తాగి ఆ పీకుడు ఆపుకుని, దానికి ఏకాగ్రత అని పేరు పెట్టుకున్నారు. కరుస్తున్న చెప్పుని విప్పేసి, ఆహా ఈ చెప్పు కాలికి ఎంత సుఖమిచ్చిందీ అన్నట్టు. రేపు వీళ్లే ఆఫీసర్లై మన దరఖాస్తులు చదువుతారు.

రెండేళ్ల కింద, వినాయక చవితికి ముందు ఒక సాయంత్రం, చంపాపేట్ మార్కెట్లో పూలూ పత్రీ కొంటూ ఇద్దరం నడుస్తున్నాం. మా ఆయన ఒక గాజుల దుకాణం ముందు ఆగాడు. పదిహేనేళ్ల కాపురంలో ఆయన గాజుల వైపు చూడడం అదే మొదలు. నేను లోలోపల మురిసిపోయాను కూడా. కాసేపటికి కదిలి, వంద అడుగులు వేశాక మిక్సీల రిపేరు దుకాణం ముందు ఆగాడు. తర్వాత ఎరువుల దుకాణం ముందు. ఎరువుల దుకాణం దగ్గర నాకు అర్థమైంది.

"ఏమైంది?"

"ఏంగాలె. ఎడమ పిక్క గుంజుతున్నది. ఆగితే తగ్గుతది. నడిస్తే మళ్ల ఒస్తది."

ఇంటికొచ్చాక కాలు చూపించమన్నాను. బల్బు వెలుగులో ఏమీ తెలియలేదు. మా పనిలో మొదటి సూత్రం, రంగుని దీపం కింద చూడొద్దు, గుడ్డ పట్టుకుని వాకిట్లోకి నడవాలి. మరునాడు పొద్దున్నే ఆయన్ని గడప మీద కూర్చోబెట్టి, కాలు ఎండలో పెట్టించాను. ఎడమ పాదం రెండో వేలు తక్కినవాటితో మ్యాచ్ కావడం లేదు. నేరేడు రంగు. ముట్టుకుంటే చల్లగా ఉంది. కొసన చిన్న పుండు.

"బూటు కరిసింది," అన్నాడు.

షుగర్ పరీక్ష చేయించాం. లేదన్నారు. ఆ కాగితాన్ని ఆయన ర్యాంకు కార్డులాగా పట్టుకొచ్చి మేడ మీద ఉండే ఇంటి ఓనరుకి చూపించాడు. ఓనరు గోదావరి వైపునుంచి వచ్చి పాతికేళ్లు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మా ఆయన కంటే ఎక్కువ చదువుకున్నాడు, కాబట్టి తప్పులు కూడా ఎక్కువ నమ్మకంగా చెబుతాడు.

"ఇంకేంటయ్యా మరి!" అన్నాడు కాగితం తిరిగిస్తూ. "కాళ్లనేవి షుగరు సబ్జెక్టు. సిగరెట్టనేది ఊపిరితిత్తుల సబ్జెక్టు. రెండూ కలపకూడదు. నీకు దగ్గుందా?"

"లేదంకుల్."

"మరింకేం! తాగాక చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకో. పొగంతా కడిగేస్తుంది. నాలాగా లైటువి తాగు. మా తాతగారు చుట్ట తాగి తొంభై ఏళ్లు బతికారు, తెలుసా?"

ఈ తాతగారు నాకు బాగా తెలుసు. ప్రతి ఇంట్లోనూ ఒకాయన ఉంటాడు. చుట్ట తాగి నలభైకే పోయినవాళ్లని మాత్రం ఎవరూ తెచ్చి చూపించరు. వాళ్లు మనవలు పుట్టకముందే పోయారు, తాత అని పిలిచేవాళ్లే లేరు. ఇక లైటు సిగరెట్ల సంగతి. పెట్టె మీద రంగు తేలిక, లోపల విషం విషమే. ఘాటు తక్కువని ఓనరు మరింత గట్టిగా, మరింత లోపలికి పీలుస్తాడు. పైగా పొద్దున కాఫీతో పాటు ఒకటి పడకపోతే ఆయనకి 'అవదట'. కడుపు కదలడానికి నిప్పు రాజేసుకోవాల్సిన మనిషి, పరాయి కాళ్లకి వైద్యం చెబుతున్నాడు.

కానీ బెల్లం విషయంలో నేను నోరు మూసుకోవాలి. మూడేళ్లపాటు మా ఆయన చొక్కా జేబులో బెల్లం ముక్క, లవంగం పొట్లం కట్టి పెట్టింది నేనే. బెల్లం కడుపులోకి పోతుంది, పొగ పోయేది వేరే దారి. ఆరో తరగతి బొమ్మలోనే ఆ రెండు గొట్టాలూ విడివిడిగా ఉంటాయి. బొమ్మకి రంగులు కూడా వేశాను, బుద్ధి మాత్రం రాలేదు.

కార్తీకం వచ్చింది. మాల వేసుకున్నాడు. ఆ నలభై ఒక్క రోజులూ మా ఇంట్లో వ్యాకరణం మారిపోతుంది. నేను ఆయన్ని 'స్వామీ' అంటాను, మీరు అంటాను. ఆయన నన్ను 'మాతా' అంటాడు. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని కాళ్లు. సిగరెట్ ఊసు ఉండదు. రోజూ పొద్దున నేను వేలుని ఎండలో చూస్తూనే ఉన్నాను. రెండో వారానికి నేరేడు రంగు కాస్త వెలిసింది. నాలుగో వారానికి ఉల్లిపొట్టు రంగుకి వచ్చింది. పుండు ఎండింది. శబరిమల వెళ్లొచ్చేసరికి ఆయన చంపాపేట్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా ఆగకుండా నడిచాడు.

గుడిలో మాల తీసిన గంటకి చాయ్ బండి దగ్గర నలభై రెండో రోజు సిగరెట్ ముట్టించాడు. సంక్రాంతి సెలవుల తర్వాత బస్సు మళ్లీ నడిచే వేళకి పిక్క గుంజడం మొదలైంది.

ఏది పోతే తగ్గింది, ఏది వస్తే తిరగబెట్టింది అని చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. మా ఆయన కూడా ఆలోచించాడు. రెండు రోజులు దీర్ఘంగా ఆలోచించి, బూట్లు తీసి అటక మీద పెట్టాడు.

"చెప్పుల్లేకుండ నడిసిన, తగ్గింది," అన్నాడు. "చెప్పులేసుకున్న, మళ్ల ఒచ్చింది. లెక్క సాఫ్. భూమిల పవర్ ఉంటది. ఇగ ఉట్టి కాళ్లతోనే."

"సిగరెట్ గూడ అప్పుడే బంద్ చేసినవ్, అప్పుడే షురూ చేసినవ్. గది యాదికి రాలేదా?"

"సిగరెట్‌కు కాలుకు ఏం సంబంధమే? నేనేమన్న కాలితోని తాగుతున్ననా?"

అలా నా భర్త నోట్లో సిగరెట్, కింద వట్టి కాళ్లతో ఎల్బీనగర్ చౌరస్తాలో తిరగసాగాడు. క్లచ్ కూడా వట్టి కాలితోనే తొక్కాడు. ఓనరుకి ఇది తెగ నచ్చేసింది. "అదేదో భూమితో కనెక్షన్ అంట, ఫోన్లో వీడియో వచ్చింది," అని ఆయన కూడా పొద్దున మేడ మీద చెప్పుల్లేకుండా, లైటు సిగరెట్‌తో, అటూ ఇటూ తిరిగేవాడు. రెండో అంతస్తు సిమెంటు మీద భూమికి ఆయనకి కనెక్షన్ ఎలా కుదిరిందో నేను అడగలేదు.

గ్రంథాలయంలో ఒక పాత వైద్య పుస్తకం ఉంది. ఎవరో డాక్టరు కుటుంబం వాళ్లు ఇచ్చినదట. అట్ట ఊడింది గానీ లోపల పేజీలు గట్టివి. అందులో కాళ్ల రక్తనాళాల గురించి ఒక అధ్యాయం. పొగాకు రక్తనాళాలని బిగిస్తుంది, లోపల పూడుకుపోయేలా చేస్తుంది. కొందరు పొగరాయుళ్లకి వయసులో ఉండగానే, షుగర్ లేకుండానే, కాలివేళ్లకి రక్తం అందదు. నడిస్తే పిక్క గుంజుతుంది, ఆగితే తగ్గుతుంది. వేలు రంగు మారుతుంది, పుండు మానదు. ఇంకా తాగితే వేలు, తర్వాత పాదం తీసేయాల్సి వస్తుంది. పూర్తిగా మానేస్తే చాలామందికి అక్కడితో ఆగుతుంది. తగ్గించడం కాదు, మానడం. అలాంటి కాలిని దెబ్బ తగలకుండా కాపాడుకోవాలి, చెప్పుల్లేకుండా నడవనే కూడదు.

నేను ఆ పేజీలు నోట్సులోకి ఎత్తుకుని ఇంటికి తెచ్చి ఆయన ముందు చదివాను. గెలిచిన గొంతుతో చదివాను. అక్కడే తప్పు చేశాను.

"ఒచ్చింది డాక్టరమ్మ," అన్నాడు. "మ్యాచింగ్ సెంటర్ డాక్టరమ్మ. జాకెట్ గుడ్డ గూడ రాసిస్తవా మందుల చీటీల?"

మరునాడు నేను ఇంకో పేజీ తెచ్చాను. ఆ మరునాడు ఇంకోటి. ఆయన్ని ఆటో ఎక్కించి దవాఖానకి తీసుకెళ్లాల్సిన రోజుల్లో నేను వాదన గెలవడానికి పేజీలు మోశాను. ఒక నెల పోయింది. మా ఆయన మూర్ఖత్వం గురించి ఎంత రాసినా, ఆ నెల నా ఖాతాలోదే.

ఫిబ్రవరి చివర్లో చౌరస్తా దగ్గర పగిలిన గాజు పెంకు అదే వేలికి దిగింది. ఆయన పసుపు అద్దుకుని ఊరుకున్నాడు. వారానికి వేలి కొస నల్లబడింది. ఈ రంగుకి నా దగ్గర ఏ చీర పేరూ లేదు. ఆ రాత్రంతా ఆయన కాలు మంచం మీద నుంచి కిందికి వేలాడేసి కూర్చున్నాడు. అలా ఉంటేనే నొప్పి తగ్గుతుందట. పొద్దున నోట్సు ఇంట్లోనే వదిలి, ఆటో తెచ్చాను.

పెద్ద దవాఖానలో డాక్టరు కుర్రవాడు. పాదం మీద రెండు చోట్ల వేళ్లతో నొక్కి నాడి వెతికాడు. ఆ తర్వాత వేసిన మొదటి ప్రశ్న కాలి గురించి కాదు.

"బీడీనా, సిగరెట్టా?"

మా ఆయన నా వైపు చూశాడు, నేనేదో ముందే చెప్పి పెట్టినట్టు. "సిగరెటే సార్. తగ్గించిన. దినానికి మూడో నాలుగో."

"మూడైనా ముప్పై అయినా ఈ కాలికి ఒకటే. స్కాన్ తీద్దాం. నల్లబడ్డ వేలు తిరిగిరాదు. పాదం నిలవాలంటే ఇవాళ్టి నుంచి ఒక్కటి కూడా వద్దు. జర్దా, గుట్కా కూడా వద్దు. ఏం పని చేస్తావ్?"

"బస్సు డ్రైవర్ సార్."

"ఎడమ కాలు," అన్నాడు డాక్టరు. క్లచ్ ఏ కాలితో తొక్కుతారో ముగ్గురికీ తెలుసు.

వేలు తీసేశారు. మూడో రోజు వార్డు బయటి మెట్ల మీద కూర్చున్నాడు. జేబు తడుముకుంటున్నాడు. జేబులో ఏమీ లేదు, నేనే ఖాళీ చేశాను.

"ఎప్పుడంటే అప్పుడు బంద్ జేస్తనంటివి గద. ఎప్పుడు మరి?"

ఎప్పటిలా కస్సుమంటాడనుకున్నాను. అనలేదు.

"మాల లేకుండ నాతోని గాదే," అన్నాడు.

"మాలల ఏమున్నది?"

"మాలున్నప్పుడు అందరు స్వామీ అంటరు. చాయ్ బండోడు నాకు వేరే గ్లాసుల పోస్తడు. కాలేజీల ఇన్‌చార్జ్ గూడ, స్వామీ జర బండి తియ్యుండ్రి, అంటడు. నా పక్కన నిలబడి ఎవ్వడు పొగ ఇడువడు. మాల తీసిన తెల్లారి, ఏయ్ డ్రైవర్ అంటడు. నీకంటే చిన్నోడు, మీసం రానోడు, ఒరేయ్ అంటడు. స్వామికి సిగరెట్ అక్కరలేదు. ఒరేయ్ అనిపించుకున్నోడికి గావాలె."

పద్నాలుగేళ్లు బీరువాలు తెరిపించుకున్నాను. ఈ వాక్యం ఏ పుస్తకంలోనూ చూడలేదు. జాలేసింది. కానీ జాలి నా చేతకాని విద్య. జాలిపడి ఊరుకుంటే పాదం పోతుంది.

"అయితే లెవ్వుండ్రి, స్వామీ," అన్నాను. "ఎండల కూసోవద్దు."

ఫాల్గుణ మాసంలో, మెడలో మాల లేని మనిషిని అలా పిలిచాను. మొదట అది ఎగతాళే. రెండు రోజులకి అదే మందని తోచింది. ఎల్బీనగర్‌లో బస్సు నిలిపేచోటి చాయ్ బండి దగ్గరికి వెళ్లి, ఇకనుంచి ఆయన్ని స్వామి అనే పిలవాలని, సిగరెట్ అడిగితే ఇవ్వొద్దని చెప్పాను.

"గది కాదక్కా," అన్నాడు బండతను, నా వైపు అనుమానంగా చూస్తూ. "నేనియ్యకుంటే పక్క బండోడు ఇస్తడు."

"పక్క బండోనికి గూడ చెప్పినా."

"ఇంకో బండి..."

"దానికి గూడ. గీ లైన్ల మొత్తం అయిదు బండ్లు. నువ్వే ఆఖరు."

అతను నవ్వాడు. తర్వాత మా ఆయన చేతికర్రతో అటు వెళ్లినప్పుడు, "స్వామీ, చాయ్ పొయ్యాలెనా?" అని వేరే గ్లాసు కడిగాడట. ఆ సంగతి చెబుతూ మా ఆయన తల దించుకున్నాడు. తిట్టుకున్నాడో మురిసిపోయాడో నాకు కనిపించలేదు.

దీంతో అంతా అయిపోయిందని రాస్తే అబద్ధం. మానేసిన తొమ్మిదో రోజు బాత్రూంలోంచి సిగరెట్ వాసన వచ్చింది. తలుపు కొట్టి, "స్వామీ," అన్నాను. లోపల నీళ్ల చప్పుడు. ఆ మరునాడే మళ్లీ దవాఖానకి లాక్కెళ్లాను. పొగ మానడానికి మందులున్నాయి, నమిలే గమ్ము ఉంది, కూర్చోబెట్టి మాట్లాడే మనిషి ఉంది. ఇవన్నీ ఉన్నాయని తెలిసీ అడగడానికి మగవాళ్లకి సిగ్గు. విల్ పవర్ ఉన్నవాడు మందు వాడడట. జ్వరానికి గోలీ వేసుకునేటప్పుడు ఈ విల్ పవర్ ఎక్కడ పడుకుంటుందో. మధ్యలో దగ్గు ఎక్కువైతే, "చూసినవా, బంద్ జేస్తెనే రోగం ఒచ్చింది," అన్నాడు. ఏళ్ల తరబడి ఊడ్వని ఇల్లు ఊడిస్తే దుమ్ము లేవదా అన్నాను. నెలకి అది కూడా తగ్గింది.

పాదం నిలిచింది. జూన్‌లో కాలేజీ తెరిచేసరికి మెత్తటి బూట్లతో క్లచ్ తొక్కాడు. నాలుగు వేళ్లతో.

పోయిన కార్తీకంలో మళ్లీ మాల వేసుకుంటానన్నాడు. డాక్టరుని అడిగితే చెప్పుల్లేకుండా మాత్రం ససేమిరా అన్నాడు. గురుస్వామి కాలు చూసి, "మనసు శుద్ధిగ ఉండాలె గని, చెప్పులేసుకుంటె తప్పు లేదు స్వామీ," అన్నాడు. ఆ చలికాలమంతా నాకు భయం దీక్ష గురించి కాదు. నలభై రెండో రోజు గురించి.

ఆ రోజు ఎల్బీనగర్ గుడిలో మాల తీశాక, ఆయన ఒక్కడే ఇంటికి నడిచి బయలుదేరాడు. దారిలో బండ్లు అయిదూ ఉన్నాయి. నేను దుకాణానికి సెలవు పెట్టి వాకిట్లో నిలబడ్డాను. నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. ఆ వేళకే వచ్చాడు. దగ్గరికి వచ్చాక ముక్కుతో పరీక్షించాను. విభూతి వాసన, చెమట వాసన, అంతే. గడప మీద కూర్చోబెట్టి కాలు ఎండలోకి చాపించాను. మిగిలిన నాలుగు వేళ్లూ కుడికాలి వేళ్లతో మ్యాచ్ అయ్యాయి.

మేడ మీద నుంచి ఓనరు వంగి చూశాడు, వేళ్ల మధ్య లైటు సిగరెట్. "ఈసారి నలభై రెండో రోజు కూడా తాగలేదేంటయ్యా! ఎలా మానేశావ్?"

మా ఆయన బూట్లు విప్పుకుంటూ, తల పైకెత్తి, గొంతు సవరించుకున్నాడు.

"విల్ పవర్ అంకుల్. నేను ఎప్పుడంటే అప్పుడు బంద్ జేస్తనని ముందునుంచి చెప్తనే ఉన్న గద."

నోట్సు, అయిదు బండ్లు, గమ్ము, బాత్రూం తలుపు, అన్నీ నా గొంతుదాకా వచ్చాయి. అక్కడే ఆపాను. లోపలికి వెళ్లి చాయ్ గ్లాసులో పోశాను.

"స్వామీ," అన్నాను వంటింట్లోంచి, "చాయ్ చల్లగైతున్నది."

మెడలో మాల లేదు. అయినా లేచి వచ్చాడు.